తొమ్మిదితో భాగించి చూడండి బాబూ

నాకు మెంటార్‌గా వేసిన ఆయన్ని నేను ఇంతవరకూ చూడలేదు. 2013లో బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరినప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఆయన పేరు, హోదా, ఫోన్ నంబరు ఉన్నాయి. రీజనల్ ఆఫీసులో చీఫ్ మేనేజర్. రెండేళ్ళ ప్రొబేషన్‌లో ఆయన నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి, "ఎలా ఉందయ్యా బ్రాంచి?" అని. బాగానే ఉంది సార్ అన్నాను. రెండోసారి మార్చి నెలలో, ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేయించావని. మూడు నెలలకోసారి నేనొక ఫారం నింపి పంపేవాణ్ణి. "మీ మెంటార్ సలహాలు మీకు ఎంతవరకు ఉపయోగపడ్డాయి?" అన్న ప్రశ్నకి నాలుగు గడులుండేవి. ప్రతిసారీ "చాలా బాగా" దగ్గరే టిక్కు పెట్టాను. ప్రొబేషన్‌లో ఉన్నవాడు ఇంకెక్కడ పెడతాడు?

పోయిన నెల నాకొక మెయిల్ వచ్చింది. ఇద్దరు కొత్త ఆఫీసర్లకి నన్ను మెంటార్‌గా వేశారు. ఫారం కాగితం మీద నుంచి పోర్టల్‌లోకి మారింది. ప్రశ్న మారలేదు, గడులూ నాలుగే. వాళ్ళిద్దరూ కూడా "చాలా బాగా" అనే పెడతారు, నేనేం చేసినా చేయకపోయినా. అందుకే ఇది రాస్తున్నాను.

కొత్తగా చేరిన పిల్లలు ఎందుకు నిలబడటం లేదని మా మీటింగుల్లో ఎప్పుడూ ఒక మాట నడుస్తుంటుంది. బాండు డబ్బు కట్టేసి మరీ పోతున్నారు. కొందరు గ్రూప్స్‌కి, కొందరు వేరే పరీక్షలకి, కొందరు తిరిగి సాఫ్ట్‌వేర్‌కి. "ఈ తరానికి ఓపిక లేదండీ" అని ఒకరంటారు, అందరూ తలలూపుతారు. "మాకెవరు నేర్పారు? మేం నేర్చుకోలేదా?" అని ఇంకొకరు. ఈ రెండో మాట దగ్గరే నాకు పేచీ. మీకు నేర్పారు సార్. నేర్పుతున్నట్టు మీకూ తెలీకుండా, వాళ్ళకీ తెలీకుండా నేర్పారు. ఎలాగో కాసేపట్లో చెప్తాను.

ముందు నా సంగతి. నాది నంద్యాల కోచింగ్ బ్యాచ్. బ్యాంకు పరీక్షలు రాసినవాళ్ళకి ఈ ముక్క చాలు. ఒక గదిలో నలుగురం, గోడ నిండా ఫార్ములాలు, తెల్లారకముందే లేచి స్పీడ్ మ్యాథ్స్. "గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరు?" అన్న లెక్కలు వందల కొద్దీ చేశాను. తీరా ఒంగోలుకి దక్షిణాన పొగాకు పండే మండలంలో పోస్టింగ్ వచ్చి బ్రాంచిలో అడుగుపెడితే, నాకు కూర్చోవడానికి కుర్చీ లేదు. మొదటి నాలుగు రోజులు బంగారానికి విలువ కట్టే అప్రైజర్ స్టూలు మీద కూర్చున్నాను. బంగారం లోను కోసం ఎవరైనా వస్తే లేచి నిలబడేవాణ్ణి.

బ్రాంచిలో ఏడుగురం. మేనేజరు, ఫీల్డ్ ఆఫీసరు, నేను, ఇద్దరు క్లర్కులు, హెడ్ క్యాషియర్ గారు, అటెండరు. ఆ ఏడుగురిలో నాకూ, నాతోపాటు ఆ ఏడే చేరిన క్లర్కమ్మాయికీ ఇరవైల్లో వయసు. మిగతా అందరికీ యాభై దాటింది. నలభైల్లో మనిషి ఒక్కరూ లేరు. ఇది మా బ్రాంచి విచిత్రం అనుకున్నాను కానీ, ప్రభుత్వరంగ బ్యాంకులన్నిటిదీ అదే కథ అని తర్వాత తెలిసింది. 1969లో, 1980లో జాతీయం చేసిన తర్వాత ఊరూరా బ్రాంచీలు పెట్టి పెద్దయెత్తున ఉద్యోగాలిచ్చారు. తొంభైల్లో రిక్రూట్‌మెంట్ బాగా తగ్గిపోయింది. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే సుమారు లక్ష మంది ఒక్క ఊపున వెళ్ళిపోయారు. అదే 2001లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డుల్ని కూడా ఎత్తేశారు. మళ్ళీ అందరికీ కలిపి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష మొదలైంది 2011లో. అంటే మాకూ మా పైవాళ్ళకీ మధ్య ఒక తరం తరమే లేదు. మాకు పనిచెప్పే అన్నయ్య ఉండాల్సిన చోట ఖాళీ కుర్చీ ఉంది. అది కూడా లేదు, ముందే చెప్పాగా.

మూడో వారంలో క్యాష్ కౌంటర్‌లో కూర్చునే క్లర్కు సెలవు పెడితే నన్ను కూర్చోబెట్టారు. పొగాకు వేలం నడిచే రోజులు. రైతులకి డబ్బు ఖాతాల్లో పడుతోంది, ఊరంతా బ్యాంకులోనే ఉంది. సాయంత్రం లెక్క చూసుకుంటే సిస్టమ్ చెప్పిన దానికంటే చేతిలో 4,500 తక్కువ. మళ్ళీ లెక్కపెట్టాను. అంతే తక్కువ. డెస్కు కింద, డస్ట్‌బిన్‌లో, చొక్కా జేబులో వెతికాను. క్యాష్ తక్కువొస్తే కూర్చున్నవాడే కట్టాలని అప్పటికే విని ఉన్నాను. అప్పట్లో నా బేసిక్ 14,500. అందులో 4,500! ఇంటికి మొదటి జీతం పంపుతానని చెప్పుకున్నాను.

హెడ్ క్యాషియర్ గారు అప్పటికే తన క్యాష్ క్లోజ్ చేసి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నారు. ఏడింటికి ఒంగోలు బస్సు. నా మొహం చూసి సంచి బల్ల మీద పెట్టారు. "ఎంత?" అన్నారు. చెప్పాను. "తొమ్మిదితో భాగించి చూడండి బాబూ" అన్నారు.

నాకర్థం కాలేదు. భాగించాను. ఐదొందలు, శేషం లేదు.

"శేషం లేకుండా పోయిందా? అయితే డబ్బు ఎక్కడికీ పోలేదు. అంకెలు తిరగబడ్డాయి, అంతే. పదహారు వందలని అరవై ఒక్క వందలు కొట్టుంటారు, ఇరవై ఏడొందలని డెబ్భై రెండొందలు కొట్టుంటారు. రెండంకెలకీ ఐదు తేడా ఉన్న వోచర్లు తీసి చూడండి" అని వోచర్ల కట్ట నా చేతికిచ్చి, తను టీ తెప్పించుకున్నారు.

తనే తీసి చూపించొచ్చు. రెండు నిమిషాల పని ఆయనకి. నాకు నలభై నిమిషాలు పట్టింది. ఒక డ్వాక్రా గ్రూపు లీడర్ కట్టిన 1,600 రూపాయల వోచర్, సిస్టమ్‌లో 6,100. వోచర్ పైకెత్తి పట్టుకుని నేను కేకేసినంత పని చేశాను. ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. "ఎంట్రీ రివర్స్ చేసి మళ్ళీ వేయండి. సరిగ్గా సగం సొమ్ము ఏదైనా వోచర్‌లో కనిపిస్తే అది ఇంకో రకం తప్పు, ఇచ్చిన సొమ్ముని కట్టించుకున్నట్టు కొట్టుంటారు. అది ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. ఏడింటి బస్సు వెళ్ళిపోయింది. ఆయన ఆ రాత్రి ఆటోలో హైవే దాకా వెళ్ళి అక్కడ లారీ ఎక్కారని మర్నాడు అటెండరు చెప్పాడు.

ఆ రాత్రి నా గదికి వెళ్ళి అమ్మకి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను. ఉద్యోగం బాగుందని మొదటిసారి నిజంగా చెప్పాను. ఈ "బాగుంది" ఎక్కడిది? జీతం మారలేదు. గది అదే, దోమలవే. మేనేజరు మర్నాడు పొద్దున్నే మళ్ళీ అరిచాడు.

చాలా ఏళ్ళ తర్వాత సీఏఐఐబీ అనే బ్యాంకు ఉద్యోగుల పరీక్షకి చదువుతుంటే ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పేరు తగిలింది. 1950ల చివర్లో అమెరికాలో, పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సుమారు 200 మంది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ కూర్చోబెట్టి అడిగాడాయన: ఉద్యోగంలో మీకు బాగా అనిపించిన సందర్భం చెప్పండి, చిరాకేసిన సందర్భం చెప్పండి అని. చిరాకు కబుర్లలో జీతం, రూల్సు, పైవాడి ధోరణి ఎక్కువ వచ్చాయి. బాగా అనిపించిన కబుర్లలో మాత్రం ఒక పని సాధించడం, దాన్ని ఎవరో గుర్తించడం, పనిలోనే ఉన్న రుచి వచ్చాయి. జీతం తక్కువైతే ఏడుస్తాం, పెంచితే ఏడుపు ఆగుతుంది. అంతవరకే. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఆయన పద్ధతిని చాలా తప్పుపట్టారు, అది వేరే సంగతి. నాకు మాత్రం పరీక్ష పుస్తకంలో ఆ పేజీ దగ్గర డ్వాక్రా వోచర్ గుర్తొచ్చింది. ఆయన అడిగినవాళ్ళలో అకౌంటెంట్లు ఉండటం వల్లనేమో కూడా.

ఇప్పుడు బేసిక్ 48,480తో మొదలవుతోంది. 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం అది. మంచిదే, ఇంకా పెరగాలి కూడా. కానీ జీతం పెరిగింది కదా ఇంకా ఎందుకు మానేస్తారని మా పైవాళ్ళు ఆశ్చర్యపోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

సరే, "మాకెవరు నేర్పారు" దగ్గరికొస్తాను. కోర్ బ్యాంకింగ్, అంటే బ్రాంచీలన్నిటినీ కలిపే కంప్యూటర్ వ్యవస్థ, రాకముందు లెడ్జర్లుండేవి. నెలకోసారి బ్యాలెన్సింగ్ అని ఒక పని. ఒకరు ఖాతా నంబరు, నిల్వ పైకి చదవాలి, ఇంకొకరు వింటూ పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. సీనియరు చదువుతాడు, కొత్తగా వచ్చినవాడు టిక్కు పెడతాడు. మధ్యలో సీనియరు ఆగుతాడు. "ఈ ఖాతా చూశావా, ప్రతి నెలా పదో తారీఖున నిల్వ సున్నాకొస్తుంది. ఈయనకి లోనిచ్చేప్పుడు గుర్తుపెట్టుకో." అదీ పాఠం. ఏ సర్క్యులర్‌లోనూ లేదు. పనిలోనే రెండో మనిషికి చోటుండేది, ఆ చోటులో కొత్తవాడు కూర్చునేవాడు. కోర్ బ్యాంకింగ్ వచ్చాక బ్యాలెన్సింగ్ దానంతటదే అయిపోతోంది. ఎవరి స్క్రీను వాళ్ళది, ఎవరి లాగిన్ వాళ్ళది. పాత లెడ్జర్లు కావాలని నేననటం లేదు, దుమ్ము, తప్పులు, రాత్రి పది దాకా కూర్చోవడం, అవన్నీ పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. కానీ ఆ పనితోపాటు రెండో కుర్చీ పోయింది. దాని బదులుగా ఇచ్చింది ఈ ఫారం.

కేథీ క్రామ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1980ల్లో మెంటారింగ్‌ని రెండు పాయలుగా విడదీసి చూపించారు. ఉద్యోగంలో పైకి రావడానికి చేసే సాయం ఒకటి, మనిషి కుంగిపోకుండా పట్టుకునే సాయం ఇంకొకటి. నా కాగితం మీది మెంటార్‌కి మొదటిది చేసే అధికారం ఉంది, తీరిక లేదు. హెడ్ క్యాషియర్ గారికి ఆ అధికారం అసలే లేదు. ఆయన అవార్డ్ స్టాఫ్, అంటే క్లర్కు స్థాయి, నేను ఆఫీసర్. కస్టమర్ల ముందు నన్ను "సార్" అనేవారు, నలుగురూ వెళ్ళిపోయాక "బాబూ" అనేవారు. నా అప్రైజల్‌లో ఆయన మాటకి చోటు లేదు. నాకు తెలీని సంగతి ఆయన్ని భయం లేకుండా అడగగలిగింది అందుకేనని నా నమ్మకం. "కిసాన్ క్రెడిట్ కార్డు రెన్యువల్ అంటే అసలేంటండీ?" అని నా రిపోర్టు రాసే మేనేజర్ని అడగగలనా? ఆఫీసర్‌గా సెలెక్టయినవాడు అడగాల్సిన ప్రశ్న కాదది. క్యాషియర్ గారిని అడిగాను. ఆదివారం నాడు ఒక రైతు బ్యారన్‌కి, అంటే పొగాకు ఆరబెట్టే గదికి తీసుకెళ్ళి, పచ్చి ఆకుని వేడితో ఎలా ఆరబెడతారో, పుల్లలకెంతవుతుందో, వేలంలో ధర పడిపోతే మన లోను ఏమవుతుందో చూపించారు. ఫారంలో ఆయన పేరు రాయడానికి గడి లేదు.

ఇక్కడిదాకా చదివి ఆయన్ని దేవుణ్ణి చేసేస్తున్నానని మీకనిపిస్తే ఇది కూడా వినండి. బ్రాంచి క్యాష్ సేఫ్‌కి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర ఒక్కొక్కటి. జాయింట్ కస్టడీ అంటారు. ఒక్క మనిషి చేతిలో రెండూ ఉండకూడదనే దాని అర్థం. మేనేజరు సెలవులో ఉన్న ఒక వారం ఆయన తాళం నా దగ్గరుంది. ఆ వారంలోనే క్యాషియర్ గారింట్లో పెళ్ళి. "రేపొక్కరోజు బాబూ, మీరైతే నాకు నమ్మకం" అని తన తాళం కూడా నా చేతిలో పెట్టి వెళ్ళారు. కాదనలేకపోయాను. బస్సు పోగొట్టుకున్న మనిషి కదా. ఆ రాత్రి రెండు తాళాలూ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పడుకున్నాను అన్నానే గానీ నిద్రపోలేదు. ఏమీ జరగలేదు. జరిగుంటే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి, ముందు నాది.

మేనేజరు నేర్పింది ఇంకా ఘోరం. మార్చి 31 రాత్రి పంట రుణాల రెన్యువల్స్ గుట్టగా ఉన్నాయి. "నీ పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి నువ్వెళ్ళి భోంచేసి రా, మేం చూసుకుంటాం" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆకలేస్తోంది కూడా. రాసిచ్చాను. పద్నాలుగు నెలల తర్వాత, నేను వేరే బ్రాంచికి వెళ్ళాక, ఎక్స్‌ప్లనేషన్ లెటర్ వచ్చింది. పదకొండు ఖాతాల్లో పట్టాదారు పాసుపుస్తకం కాపీలు లేవు, అథరైజ్ చేసింది నా ఐడీ. కడుపులో దేవినట్టయింది. జవాబు ఎలా రాయాలో చెప్పింది కూడా క్యాషియర్ గారే, ఫోన్‌లో. అప్పటికి రిటైరయ్యారు.

కాబట్టి "పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకుంటారులే" అని వదిలేస్తే సరిపోదు. పెద్దవాళ్ళు పనితో పాటు అడ్డదారి కూడా నేర్పుతారు. రెండూ ఒకే చేత్తో, ఒకే ఆప్యాయతతో అందుతాయి. కొత్తవాడికి ఏది ఏదో తెలియదు. పైగా నేర్పినవాడి మీద గౌరవం ఉంటే కాదనడానికి నోరు రాదు. మెంటార్ ఉంటే ఉద్యోగంలో తృప్తి ఉంటుందని సెమినార్లలో చెప్పేవాళ్ళు ఈ భాగం ఎందుకో చెప్పరు. ఆ మేనేజరు దగ్గర పనిచేసిన రోజుల్లో నేను తృప్తిగానే ఉన్నాను మరి. తమ్ముడూ అని పిలిచేవాడు.

ఇప్పుడు నాకప్పగించిన ఇద్దరి గురించి. అబ్బాయిది కర్నూలు వైపు, తన దారి తను వెతుక్కునే రకం, పెద్దగా బెంగ లేదు. అమ్మాయిది బీహార్. ప్రొబేషనరీ ఆఫీసర్లకి పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడొచ్చు, మనవాళ్ళు అటు వెళ్ళినట్టే వాళ్ళు ఇటు వస్తారు. గుంటూరు దగ్గర మిర్చి ఊళ్ళో బ్రాంచి. చేరిన పదో రోజున మొదటిసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు తెలుగు ఏమైనా వచ్చిందా అని హిందీలో అడిగాను. వచ్చింది సార్ అని ఎంతో ఉత్సాహంగా తెలుగులో చెప్పింది: "రేపు రండి."

నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయికి ఎవరూ పాఠం చెప్పలేదు. బ్రాంచిలో రోజంతా ఎక్కువసార్లు వినపడే మాటేదో అదే పట్టుకుంది. నేర్పకపోతే కొత్తవాళ్ళు ఏమీ నేర్చుకోరనుకోవడం పొరపాటు. అక్కడున్నది నేర్చుకుంటారు. "రేపు రండి" నేర్చుకుంటారు, పాస్‌వర్డ్ చీటీ నేర్చుకుంటారు, ఫారంలో "చాలా బాగా" నేర్చుకుంటారు. ఏడాది తిరిగేసరికి తమని చూసి తామే చిరాకు పడి, పరీక్షకి అప్లై చేసి వెళ్ళిపోతారు. వెళ్ళనివాళ్ళ గురించి నాకు ఇంకా బెంగ.

పైవాళ్ళకి రెండే అడిగాను, రాతపూర్వకంగా. కొత్తవాళ్ళని మొదటి పోస్టింగ్‌లో కనీసం ఒక అనుభవమున్న, తీరికున్న మనిషి ఉన్న బ్రాంచికే వేయండి, ఆ మనిషి క్లర్కయినా సరే, ఆయన పేరే మెంటార్‌గా రాయండి. ఆ మనిషికి రోజులో ఒక గంట టార్గెట్ల నుంచి మినహాయించండి. రిపోర్టు రాసేవాణ్ణి మెంటార్‌గా వేయొద్దని మూడోది కూడా రాసి, మళ్ళీ కొట్టేశాను. మా బ్రాంచీల్లో అంతమంది మనుషులు ఎక్కడున్నారు? జవాబు రాలేదు. క్వార్టర్ ఎండ్ కదా, వస్తుందేమో తర్వాత.

ఈలోగా నాకు చేతనైంది నేను చేస్తున్నాను, అదీ అంతంతమాత్రమే. నా బ్రాంచి నాకుంది, నా టార్గెట్లు నాకున్నాయి. నాకు మెంటార్‌గా వేసినాయన మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం ఈ నెల రోజుల్లో సగం తగ్గింది. ఆయనక్కూడా ఫోన్ చేయాలనే ఉండి ఉంటుంది.

పోయిన శనివారం సెలవు. ఆ అమ్మాయిని కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాను. మిర్చి టిక్కీల (బస్తాల) మీద లాటు నంబరు ఎక్కడ వేస్తారో, మన దగ్గర తాకట్టున్న రసీదుతో ఎలా సరిచూసుకోవాలో, ఒకే సరుకు మీద రెండు చోట్ల లోను తీసుకోకుండా ఏం చూడాలో చూపించాను. లోపల చలికి వణికిపోయింది, ఘాటుకి తుమ్ములు. అయినా నేను చెప్పకుండానే రెండో వరసలోకి వెళ్ళి టిక్కీలు లెక్కపెట్టింది. రసీదులో 120 ఉంటే తనకి 118 వచ్చాయట. మళ్ళీ లెక్కపెట్టింది. హమాలీని అడిగి, వాడి చేతి సైగలూ తన హిందీ కలిపి, వెనక వరసలో ఇంకో రెండున్నాయని తేల్చుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నేను మెచ్చుకోబోయి, ఎందుకో ఊరుకున్నాను.

ఆదివారం రాత్రి పోర్టల్ తెరిచాను. "ఈ నెల చర్చించిన అంశం" అన్న చోట "కోల్డ్ స్టోరేజీలో టిక్కీల తనిఖీ" అని టైపు చేయబోతే తీసుకోలేదు. అక్కడ టైపు చేయడానికి లేదు, ఇచ్చిన వాటిలోంచి ఎంచుకోవాలి. నాయకత్వ లక్షణాలు, సమయపాలన, సంస్థ విలువలు, డిజిటల్ ఉత్పత్తులు. అన్నిటికన్నా కింద "ఇతరములు" ఉంటే దాన్ని నొక్కి సబ్మిట్ చేశాను.